ఆర్ద్రలో లేచిన సూర్యుడి తుపాను

2024 మే నెల, అక్షయ తృతీయ మర్నాడు శనివారం ఉదయం. కడియంలో రెండు కమతాల మధ్య గట్టు మీద రోవర్ పట్టుకుని నిలబడ్డాను. నేను లైసెన్సు ఉన్న ప్రైవేటు సర్వేయర్‌ని, ఊరు కొవ్వూరు. ఇన్నేళ్ల పనిలో ఎన్నో హద్దు తగాదాలు చూశాను. కత్తులు తీసినవాళ్లనీ, కొలత అయ్యాక కౌగిలించుకుని ఏడ్చినవాళ్లనీ చూశాను. అయినా ఎవరైనా నా వృత్తి గురించి అడిగితే ముందు చెప్పేది ఈ గట్టు గురించే. ఎందుకంటే ఆ తగాదాలో మూడో మనిషి సూర్యుడు.

ముందు రోవర్ అంటే ఏంటో చెప్పాలి. అది ఒక నిలువు కర్ర, దాని కొసన గిన్నె బోర్లించినట్టుండే యాంటెన్నా. ఉపగ్రహాలు పంపే సంకేతాల్ని అది అందుకుంటుంది. తెలిసిన చోట ఇంకో యంత్రాన్ని కదలకుండా నిలబెడతాం, దాన్ని బేస్ అంటాం. బేస్ పంపే దిద్దుబాట్లు అందితే రోవర్ తన చోటుని అంగుళం తేడాతో చెప్పగలదు. అప్పుడు తెర మీద ‘ఫిక్స్’ అని పడుతుంది. లెక్క తేలకపోతే ‘ఫ్లోట్’ అని పడుతుంది. ఫ్లోట్‌లో అది చూపించే చోటు అడుగుల లెక్కన తప్పవచ్చు. అందుకే ఫ్లోట్‌లో రాయి పాతకూడదు.

గట్టుకి పడమర వైపు సూరిబాబు గారి నర్సరీ. గట్టు వారగా ఆయన మామిడి తల్లిచెట్లు వరసగా ఉన్నాయి. తల్లిచెట్టంటే కాయల కోసం పెంచేది కాదు. దాని కొమ్మల నుంచే అంట్లు కడతారు. కొమ్మలకి దగ్గరగా పందిళ్లు వేసి, వాటి మీద మొక్కల తొట్లు పెట్టి, కొమ్మకీ మొక్కకీ అంటు కలుపుతారు. ఆ చెట్ల పిల్లలు లారీలెక్కి ఎక్కడెక్కడికో వెళ్లాయి. వాటిని నాటింది సూరిబాబు గారి నాన్నగారు.

తూర్పు వైపు స్థలం నరహరి సిద్ధాంతి గారిది. రాజమండ్రిలో ఉంటారు, ఏటా పంచాంగం వేస్తారు. ఆ స్థలంలో ఒక గది కట్టుకుని, గ్రహాల్ని కంటితో చూస్తూ పిల్లలకి పంచాంగ గణితం చెప్పాలని ఆయన కోరిక. చెట్లు తన స్థలంలోకి వచ్చాయని ఆయన నమ్మకం. రాలేదని సూరిబాబు గారి నమ్మకం. ఇద్దరూ మంచివాళ్లే. కానీ ఏడాదిగా మాటల్లేవు.

“మూఢం నడుస్తోందమ్మా, శంకుస్థాపన చెయ్యకూడదు. కొలతకైతే దోషం లేదు. పది లోపు మృగశిర ఉంది, మెత్తని నక్షత్రం. ఈలోగా కానిచ్చెయ్,” అన్నారు సిద్ధాంతి గారు. వెనక చెట్లు కొట్టేవాళ్లు రంపం మిషన్‌తో సహా వచ్చి కూర్చున్నారు. చెట్లు ఆయన వైపు తేలితే ఆ పూటే కొట్టించాలని పిలిపించారు.

ఉత్తరపు మూల రాయి దగ్గర ఫిక్స్ కాసేపు వచ్చి పోయింది. నడుమ గట్టు మీద ఫ్లోట్. కర్ర అలాగే ఉంది, తెర మీద హద్దుని చూపించే చుక్క మాత్రం తాగినవాడిలా తూలుతోంది. ఒకసారి గట్టు మీద, ఒకసారి చెట్లకి అవతల. సరిగ్గా చెట్లకి అవతలకి వెళ్లినప్పుడే సిద్ధాంతి గారు తెరలోకి తొంగి చూశారు.

“అదిగో! చెట్లు నావైపే ఉన్నాయి. రాయి పాతెయ్యమ్మా.”

సూరిబాబు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. “మేడమ్ గారూ, అది నిజవేనాండి?” అన్నారు, నన్ను కాదు, చెట్లని చూస్తూ.

“నిజమో కాదో ఇప్పుడు చెప్పలేనండి. యంత్రం నిలకడగా లేదు. ఇలాంటప్పుడు రాయి పాతను,” అన్నాను.

బేస్ ఆపి మళ్లీ పెట్టాను. కేబుళ్లు మార్చాను. బ్యాటరీ మార్చాను. చెట్ల ఆకులు అడ్డమేమోనని ఖాళీ పొలంలోకి వెళ్లి చూశాను. అక్కడా అంతే. పది దాటింది.

“నీ మిషన్ పాడైతే నా నక్షత్రం దాటిపోవాలా?” సిద్ధాంతి గారి గొంతు లేచింది. “లేక చెట్లున్నాయన్న జాలితో రాయి ఆపావా?”

ఆ మాట నాకు తగిలింది. ఒక పక్షం వైపు మొగ్గిందన్న పేరొస్తే సర్వేయర్‌కి పని పుట్టదు. అయినా యంత్రం సర్దుకుని, “మంగళవారం వస్తానండి. అంతవరకూ ఒక్క కొమ్మ కూడా కొట్టించకండి,” అని చెప్పాను. ఆయన నాతో మాట్లాడకుండానే కారెక్కారు. కానీ రంపం వాళ్లని పంపేశారు. ఆ మర్యాద ఆయనది.

ఇంటికొచ్చి భోజనానికి కూర్చుని ఫోన్ చూస్తే, లడఖ్‌లో ఆకాశం ఎర్రగా వెలిగిన ఫొటోలు! ఎక్కడో ధ్రువాల దగ్గర కనిపించే వెలుగు మన దేశపు కొండల మీద కనిపించింది. శుక్రవారం రాత్రి నుంచి భూమి మీద పెద్ద అయస్కాంత తుపాను. సూర్యుడు విసిరిన వేడి కణాల గుంపు వచ్చి భూమి అయస్కాంత క్షేత్రాన్ని గుద్దింది. అలాంటప్పుడు మన నెత్తి మీద ఐనోస్ఫియర్ అనే విద్యుత్తు పొర అల్లకల్లోలమవుతుంది. ఉపగ్రహం నుంచి నా రోవర్‌కి వచ్చే సంకేతం ఆ పొరలోంచే రావాలి. ఎక్కడో దేశాల్లో ఉపగ్రహాల సాయంతో నడిచే ట్రాక్టర్లు కూడా ఆగిపోయాయట.

అన్నం చల్లారిపోయింది. పదిహేను కోట్ల కిలోమీటర్ల అవతల జరిగినదాని చప్పుడు కడియంలో గట్టు మీద నా చేతిలోని కర్రకి తెలిసింది! వెంటనే సిద్ధాంతి గారికి ఫోన్ చేశాను.

“మీ నక్షత్రం తప్పు కాదండి, నా మిషన్ తప్పూ కాదండి. సూర్యుడండి!” అని గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పాను.

కోపంగా ఉన్నారేమో అనుకున్నాను.

“పది దాటాక మృగశిర వెళ్లి ఆర్ద్ర వచ్చింది,” అన్నారు నెమ్మదిగా. “ఆర్ద్రకి అధిదేవత ఎవరో తెలుసా అమ్మా?”

“మాది లూథరన్ చర్చి అండి. కార్తెలంటే వ్యవసాయం కాబట్టి మా నాన్న దగ్గర విన్నాను గానీ, ఇవన్నీ తెలియవు.”

“రుద్రుడమ్మా. పెనుగాలులకీ తుపాన్లకీ దేవుడు!” ఆయన గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది. పొద్దున్న అన్న మాటకి నొచ్చుకోవద్దని కూడా అదే ఊపులో అన్నారు.

మంగళవారం తుపాను తగ్గింది. అదే బేస్, అదే రోవర్, అదే గట్టు, వెళ్లగానే ఫిక్స్ వచ్చి కదలకుండా నిలిచింది. శనివారం తేడా తుపాను వల్లే వచ్చిందని నేను కోర్టులో నిరూపించలేను. కానీ అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ ఆ యంత్రం అలా తూలలేదు. గీత చెట్లకి తూర్పుగా తేలింది. చెట్లు సూరిబాబు గారివే, ఒక్కటి తప్ప. దక్షిణం కొసన ఉన్న చెట్టు మొదలు సిద్ధాంతి గారి స్థలంలో పడింది.

సూరిబాబు గారు తల వంచుకుని, “ఆయ్, ఆ ఒక్కటీ మీ ఇష్టవండి,” అన్నారు.

సిద్ధాంతి గారు ఆ చెట్టు కింద నిలబడి పైకి చూశారు. “నీడ నాది, అంట్లు మీవి. మా గది కాస్త జరిపి కట్టుకుంటాను లెండి,” అన్నారు. ఏడాది తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలవి.

హద్దు పని అక్కడితో అయిపోయింది. సిద్ధాంతి గారికీ నాకూ కలిసిన పని అక్కడే మొదలైంది.

రాళ్లు పాతాక మాటల్లో నేను, “సూర్యుడు కూడా తన చుట్టూ తాను తిరుగుతాడండి. ఇక్కడి నుంచి చూస్తే సుమారు ఇరవై ఏడుంబావు రోజులకి అదే ముఖం మళ్లీ మనవైపు తిప్పుతాడట. అందుకని కొన్ని అలజడులు మళ్లీ మళ్లీ వస్తుంటాయి,” అన్నాను. నేనూ ఆ రెండు రోజుల్లో చదివిందే.

సిద్ధాంతి గారు గట్టు మీద కూలబడ్డారు. “ఇంకోసారి చెప్పు. ఎన్ని రోజులు?”

“ఇరవై ఏడుంబావు.”

“చంద్రుడు బయల్దేరిన నక్షత్రానికి తిరిగి రావడానికి కూడా ఇరవై ఏడుంబావు దాటి కాస్తే! అందుకే నక్షత్రాలు ఇరవై ఏడు. రోజుకొక ఇల్లు. అంటే సూర్యుడి మీద ఒక మచ్చ మనవైపు తిరిగినప్పుడల్లా చంద్రుడు అదే నక్షత్రంలో ఉంటాడన్నమాట!”

నేను గబగబా ఫోన్‌లో లెక్క వేశాను. ఆయన చెప్పింది నిజమే. రెండు చక్రాలకీ తేడా పూటైనా లేదు. ఎండ మాడ్చేస్తోంది, మేమిద్దరం పట్టించుకోలేదు. సూరిబాబు గారు మజ్జిగ తెప్పించి మా చేతుల్లో పెట్టాల్సొచ్చింది.

తర్వాతి నెల ఆర్ద్ర కోసం ఆశగా చూశాం. చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. ఆయన నిరుత్సాహపడ్డారు. కానీ 2025 వేసవిలో ఒక ఉదయం ఫోన్ చేశారు. అప్పటికి కేపీ ఇండెక్స్ చూడటం ఆయనకి అలవాటైపోయింది. భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కలత చెందిందో సున్నా నుంచి తొమ్మిది దాకా చెప్పే అంకె అది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. “మే మొదట్లో ఆర్ద్ర నాడు కేపీ లేచిందమ్మా. మే చివర్లో మళ్లీ ఆర్ద్ర, మళ్లీ లేచింది. చూద్దాం!” అన్నారు. జూన్‌లో ఆర్ద్ర వచ్చింది. మళ్లీ లేచింది.

ఆ రోజు నేను పెనుగొండలో ఒక స్థలం కొలుస్తున్నాను. రోవర్‌కి ఏ ఇబ్బందీ రాలేదు గానీ, ఫోన్‌లో ఆయన అరుపు విని నేనూ కేకేశాను. స్థలం వాళ్లు కంగారుపడి, “ఏంటండీ, హద్దు తప్పిందా?” అని అడిగారు.

చలికాలం వచ్చేసరికి సిద్ధాంతి గారు ఆ సంగతి కొత్త పంచాంగంలోకి ఎక్కించారు. ఆర్ద్రా నక్షత్రం ఉన్న రోజుల్లో సూర్యుడి అలజడి ఎక్కువనీ, ఉపగ్రహాల మీద నడిచే పనులు మానుకోవాలనీ అచ్చుకి పంపే ప్రతిలో రాశారు. రాజమండ్రిలో ఒక సభలో చెప్పేశారు కూడా. చప్పట్లు మోగాయట. మన పెద్దలకి అన్నీ ముందే తెలుసని ఎవరో శాలువా కప్పారట.

ఆ వెంటనే, నవంబరు నడుమ, మరో పెద్ద తుపాను వచ్చింది. ఆ రోజు నక్షత్రం ఆశ్లేష. ఫోన్ మోగింది.

“సుగుణమ్మా, జూన్ మొదట్లో వచ్చిన పెద్దది కూడా ఆశ్లేషలోనే! ఆర్ద్రతో పాటు ఆశ్లేషని కూడా చేర్చాలి. దానికి అధిదేవతలు సర్పాలు. సూర్యుడు విషం కక్కినట్టే కదా!”

నేను నవ్వాపుకోలేకపోయాను. “సిద్ధాంతి గారూ, ఆర్ద్ర అయితే రుద్రుడు, ఆశ్లేష అయితే సర్పాలు. రేపు ఇంకేదైనా వస్తే దానికీ సరిపోయే దేవుడు మీ దగ్గర ఉంటాడు కదండీ.”

అనేశాక నాలుక కరుచుకున్నాను. పెద్దాయన, పైగా ఆయన విద్య. అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

“ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి రాగలవా?” అన్నారు చివరికి. “మనం కంటి ముందు పడినవాటినే లెక్కపెట్టాం. పడనివాటిని కూడా లెక్కపెడదాం.”

వెళ్లాను. ఆ ఆదివారం మధ్యాహ్నం వాళ్ల భోజనాల బల్ల మీద పని పెట్టుకున్నాం. కేపీ అంకెలు దశాబ్దాల నాటివి దొరుకుతాయి. నేను వాటిని కంప్యూటర్‌లో దింపాను. ఏ రోజుకి ఏ నక్షత్రమో చెప్పే ప్రోగ్రామ్ ఆయన దగ్గర ఉంది, పంచాంగానికి వాడేది. రెండూ కలిపాం. తుపాను రోజుల్నన్నిటినీ చంద్రుడి నక్షత్రాల వారీగా పంచి, గ్రాఫ్ గీయమని కంప్యూటర్‌కి చెప్పాను.

ఆర్ద్ర దగ్గర గోపురం లేస్తుందని నేనూ మనసులో కోరుకున్నాను, అబద్ధమెందుకు.

ఏమీ లేవలేదు. వరిమడిలో నీళ్లు పెట్టినట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే మట్టం. ఆర్ద్ర లేదు, ఆశ్లేష లేదు. సూర్యుడి మీద ఒక చోట తెరుచుకున్న రంధ్రం, అంటే కణాల గాలి జోరుగా బయటికి వీచే చోటు, కొన్ని నెలలు నిలిచి, తిరిగి తిరిగి అదే నక్షత్రంలో మనకి ఎదురైంది. అది మూసుకుపోయాక ఇంకోటి ఇంకెక్కడో తెరుచుకుంది. అంతే.

సిద్ధాంతి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సభలో కప్పిన శాలువా ఎదుట కుర్చీ మీదే ఉంది.

ఆయనే అన్నారు: “చంద్రుణ్ని వదిలెయ్. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో, ఆ లెక్కన పంచు. అంటే కార్తెల వారీగా.”

కార్తె అంటే అదే. చంద్రుడు రోజుకొక నక్షత్రం దాటితే, సూర్యుడు ఒక్కో నక్షత్రంలో రెండు వారాల దాకా ఉంటాడు. నారుమడికీ నాట్లకీ మా నాన్న చూసుకునేది ఆ కార్తెలే.

మీట నొక్కాను. ఈసారి గీత లేచింది! ఉత్తరాభాద్ర, రేవతి కార్తెల దగ్గర ఒక మూపురం. ఉత్తర, హస్త కార్తెల దగ్గర ఇంకో మూపురం. నడుమ రెండు లోయలు.

“విషువత్తులు!” సిద్ధాంతి గారు కుర్చీ వెనక్కి తోసి లేచారు. “పగలూ రాత్రీ సమానమయ్యే కాలాలమ్మా అవి! మార్చి, సెప్టెంబరు! సుగుణమ్మా, చూశావా, చూశావా!”

నేనూ లేచి నిలబడ్డాను. ఇద్దరం బల్లకి చెరోవైపు నిలబడి తెరని చూస్తూ చప్పట్లు కొట్టాం. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి, “ఏంటండీ ఇది, క్రికెట్టా?” అని అడిగారు.

తర్వాత వెతికితే, అది శాస్త్రజ్ఞులకి వందేళ్లకి ముందు నుంచే తెలిసిన సంగతని తేలింది. భూమి ఒరిగి తిరగడం వల్ల ఆ రెండు కాలాల్లో సూర్యుడి నుంచి వచ్చే అయస్కాంత బలం మన క్షేత్రంతో సులువుగా ముడిపడుతుందట. మేం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. అయినా ఆ ఆనందం ఒక్క వీసం తగ్గలేదు. ఎవరో చెబితే నమ్మడం వేరు, సొంత బల్ల మీద గీత లేవడం చూడటం వేరు.

ఇంకో తమాషా. అన్నిటికంటే లోతుగా ఉన్న లోయలోనే ఆర్ద్ర కార్తె పడింది. ఆయన దాన్ని వేలితో చూపించి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. “రుద్రుడు ఇక్కడ నిద్రపోతున్నాడమ్మా!” అని, అక్కడికక్కడే ప్రెస్సుకి ఫోన్ చేసి ఆర్ద్ర వాక్యం తీసెయ్యమన్నారు.

2026 ఉగాది నాడు ఆయన పంచాంగ శ్రవణానికి పిలిస్తే వెళ్లాను. జీవితంలో అదే మొదటిసారి, వెనక వరసలో కూర్చున్నాను. రాశిఫలాలు అయ్యాక ఆయన మైకు దగ్గరికి జరిగారు.

“నవంబరు మొదట్లో మీకు ఆర్ద్ర గురించి ఒక మాట చెప్పాను. శాలువా కూడా కప్పారు. ఆ మాట తప్పు. లెక్కపెట్టి చూస్తే నిలబడలేదు,” అన్నారు.

సభ గుసగుసలాడింది. ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచారు. “అయితే నక్షత్రాలకీ సూర్యుడి తుపాన్లకీ సంబంధం లేదంటారా అండి?”

“చంద్రుడు ఉండే నక్షత్రంతో లేదండి. సూర్యుడి కార్తెతో ఉంది. అది కూడా నక్షత్రం మహిమ కాదు, భూమి ఒరిగిన తీరు. ఇవాళ ఉత్తరాభాద్ర కార్తె నడుస్తోంది. ఇవి తుపాన్లు ఎక్కువగా వచ్చే రోజులు. అదిగో వెనకాల కూర్చున్న సర్వేయర్ గారిని అడగండి!”

అందరూ వెనక్కి తిరిగారు. తప్పు ఒప్పుకున్న మనిషి మొహంలో అంత వెలుగు నేను ఎక్కడా చూడలేదు. సభ అయ్యాక చప్పట్లు మునుపటంత మోగలేదు గానీ, జనం ఆయన చుట్టూ మూగి చాలాసేపు కదలలేదు. మూపురాల సంగతి మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు.

ఇప్పుడు నేను పొలానికి బయల్దేరే ముందు వానతో పాటు కేపీ కూడా చూస్తాను. మన వైపు ఐనోస్ఫియర్ పొద్దుగూకాకే ఎక్కువ కలత పడుతుందట, అందుకని ఆ రెండు కాలాల్లో సాయంత్రం పనులు పెట్టుకోను. ఇది వృత్తికి దొరికిన లాభం. అంతకంటే పెద్దది ఇంకోటి దొరికింది. మనసుకి నచ్చిన ఊహ వచ్చినప్పుడు దాన్ని అనుమానించడం అంటే సంతోషాన్ని చంపుకోవడమే అనుకునేదాన్ని. కాదు. నచ్చిన ఊహనే ఎక్కువసార్లు కొలవాలి. అది పడిపోతే పడిపోనివ్వాలి. కొలుస్తూ కూర్చున్నవాళ్లకి దాని పక్కనే నిజమైనది ఒకటి కనబడుతుంది, ఒక్కోసారి చప్పట్లు కొట్టించేంత గొప్పది.